ఒక్క పిల్ల కుందేలా, మూడేళ్ల జతా?

ప్రశ్న: మా అమ్మాయికి 8 ఏళ్లు. చాలాకాలంగా కుందేలు కావాలంటోంది. షాపులో కొనడం ఇష్టంలేక ఒక రెస్క్యూ షెల్టర్‌కి వెళ్లాం. మేం అడిగింది ఒక్క పిల్ల కుందేలు. వాళ్లేమో 3 ఏళ్ల ఆడ, మగ జతను చూపించి, ఇస్తే రెండింటినీ కలిపే ఇస్తాం, విడదీయం అంటున్నారు. ఆడదానికి నిరుడు పళ్లు అరగదీయించారట. ఇల్లు చూడటానికి వస్తామన్నారు. మీ పశువైద్యుడెవరు, ఊరెళితే ఎవరు చూస్తారు అంటూ నేరస్థుల్ని అడిగినట్టు అడిగారు. మేమిద్దరం ఉద్యోగస్తులం. వరండాలో పెద్ద బోను పెడదామనుకున్నాం. ఈ జతకు ఒప్పుకోవచ్చా? లేక పిల్ల కుందేలు దొరికేదాకా ఆగాలా?

జవాబు: ఒప్పుకోండి. కాకపోతే సంతకం పెట్టేముందు ఆడకుందేలు పళ్ల చికిత్స కాగితాలు అడిగి చూడండి. మీరు రాసినవాటిలో తేల్చుకోవాల్సింది నిజానికి అదొక్కటే. మీకు ఇబ్బందిగా తోచిన మిగతావన్నీ మీకు కలిసొచ్చేవే. వరండా సంగతి మాత్రం వేరు. దానికి తర్వాత వద్దాం.

పిల్ల కుందేలు ముద్దుగా ఉంటుంది, కాదనలేం. కానీ 8 వారాల పిల్లను చూసి అది పెద్దయ్యాక ఎంత బరువు తూగుతుందో, ఎవరి దగ్గరికి వస్తుందో, ఎవర్ని చూసి పారిపోతుందో ఎవరూ చెప్పలేరు. మూడో నెల నుంచి ఆరో నెల మధ్య ఒంట్లో హార్మోన్లు మొదలవుతాయి. నిన్నటిదాకా ట్రేలో పోసిన కుందేలు గోడలమీద చిమ్ముతుంది, కాళ్లచుట్టూ తిరుగుతూ పిక్కలు కొరుకుతుంది, తివాచీ తవ్వుతుంది. షెల్టర్లకు చేరే కుందేళ్లలో చాలావాటిని ఇంట్లోవాళ్లు ఈ వయసులోనే వదిలించుకుని ఉంటారు. దానికి తోడు, పిల్లలుగా ఉన్నప్పుడు ఆడా మగా గుర్తించడంలో పొరపాటు పడటం చాలా మామూలు. ఆడపిల్లలనుకుని రెండింటిని తెచ్చుకుంటే నాలుగో నెలకల్లా ఒకటి మగదని తేలుతుంది. గర్భం సుమారు 31 రోజులు. ఈనిన కొన్ని గంటలకే తల్లి మళ్లీ చూలు కట్టగలదు.

మీకు చూపించిన జత ఇవన్నీ దాటి వచ్చింది. కుందేలు సరిగ్గా చూసుకుంటే 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది కాబట్టి 3 ఏళ్లంటే నడి వయసు కూడా కాదు. రెండింటికీ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందా అని అడగండి, అయితే ఎప్పుడు అయిందో తేదీతో సహా. ఆడదానికి ఇది పిల్లల్ని ఆపడం కోసమే చేసేది కాదు. ఆపరేషన్ కాని ఆడకుందేళ్లలో వయసు మీదపడేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది, నాలుగేళ్లు దాటినవాటిలో మరీను. కుందేలుకు మత్తు ఇవ్వడం కుక్కకు, పిల్లికి ఇచ్చినంత సులువు కాదు. ఆపరేషన్ అయి ఉంటే ఆ ఖర్చు, ఆ ముప్పు షెల్టర్ ఇప్పటికే భరించేసినట్టే. మీరు కట్టే దత్తత రుసుమును ఆపరేషన్ ఖర్చు పక్కన పెట్టి చూడండి, లెక్క మీకే అర్థమవుతుంది. మగదానికి ఆపరేషన్ ఈమధ్యే అయితే మాత్రం ఒక జాగ్రత్త: ఆ తర్వాత ఆరు వారాల దాకా దానికి పిల్లల్ని పుట్టించే శక్తి మిగిలి ఉండొచ్చు. ఆడదానికి ఆపరేషన్ కాకపోతే అప్పటిదాకా రెండూ విడిగా ఉండాల్సిందే.

విడదీయం అనడం పట్టుదల కాదు. కొత్త కుందేళ్లను కలపడమంటే ఎంత పనో వాళ్లకు తెలుసు. ఎదురుపడగానే గుండ్రంగా తిరుగుతూ ఒకదాన్నొకటి చీరేసుకునే జంతువులివి. పక్కపక్క గదుల్లో పెట్టి, పడక గుడ్డలు మార్చి వాసన అలవాటు చేసి, ఏ ఒక్కదానిదీ కాని చోట రోజూ కాసేపు కలిపి, కుదుటపడేసరికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఆపరేషన్ అయిన ఒక మగ, ఒక ఆడ ఉన్న జత అన్నింటికన్నా తేలిగ్గా నిలుస్తుంది. వీటికి ఆపరేషన్ అయి ఉంటే మీకది తయారుగా దొరుకుతున్నట్టే. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళితే ఒంటరి కుందేలు రోజంతా గోడకేసి చూస్తూ కూర్చోవాలి. జత అయితే ఒకదాని చెవులు ఒకటి నాకుతూ, ఆనుకుని పడుకుంటాయి. ఎలాగూ కుందేళ్లు చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, సందెవేళ. మీరు ఇంట్లో ఉండే సమయాలవే. రెండయితే పని రెట్టింపు అవదు. స్థలం ఒకటే, ఊడ్చేదీ ఒకటే. గడ్డి ఖర్చు, డాక్టరు ఖర్చు మాత్రం ఖాయంగా రెట్టింపు అవుతాయి. అది దాచి లాభం లేదు.

ఇక పళ్లు. కుందేలు పళ్లన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి 2–3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. నములుతున్నకొద్దీ అరగాలి. ‘అరగదీయించాం’ అని షెల్టర్‌వాళ్లు చెప్పింది ముందు పళ్లా, దవడ పళ్లా అన్నది మీరు మొదట అడగాల్సిన మాట. ఎందుకంటే రెండూ రెండు దారులు.

ముందు పళ్లు పుట్టుకతోనే ఎదురెదురుగా కలవకపోతే, అది నయమయ్యేది కాదు. పొట్టి మొహం ఉన్న మరుగుజ్జు జాతుల్లో, చెవులు వేలాడే జాతుల్లో ఇది ఎక్కువ. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి డాక్టరు దగ్గర అరగదీయించాలి, బతికున్నంతకాలం. లేదంటే ఆ పళ్లు పూర్తిగా తీయించేయొచ్చు. తీయించాక కుందేళ్లు చక్కగానే తింటాయి, ఆకులు కాస్త చిన్నగా తుంచి వేయాలంతే. గోళ్లు కత్తిరించే కట్టర్‌తో పళ్లు తుంచే పద్ధతి ఇంకా కొన్నిచోట్ల ఉంది. దానివల్ల పన్ను నిలువునా చీలి, వేరు దగ్గర చీముగడ్డ కట్టే ప్రమాదం ఉంది. అలా చేస్తామనే చోటికి వెళ్లకండి.

దవడ పళ్లయితే అంచుల్లో మొనలు తేలి నాలుకనో బుగ్గనో కోస్తాయి. వాటిని మత్తు ఇచ్చే సరిచేయాలి. దీనికి పెద్ద కారణం తిండి. పెల్లెట్లు (గుళికల దాణా), పండ్లు, బిస్కెట్లు పెట్టి గడ్డి పెట్టకపోతే నమిలే పని తగ్గిపోయి పళ్లు అరగవు. పాత ఇంట్లో అలా పెరిగిన కుందేలు షెల్టర్‌కు వచ్చాక గడ్డి తినడం మొదలుపెట్టి, ఏడాదిలో మళ్లీ చికిత్స అవసరం పడలేదంటే అది చాలా మంచి కబురు. మూడు నెలలకోసారి మత్తు ఇస్తున్నారంటే వేరే లెక్క. కాబట్టి ఎన్నిసార్లు చేయించారు, ఏ తేదీల్లో, తలకు ఎక్స్‌రే తీశారా, బరువు రికార్డు ఎలా ఉంది, ఇవి అడగండి. తర్వాత ఒక గుప్పెడు ఎండుగడ్డి మీ ముందే వేయించి పది నిమిషాలు చూడండి. పరకను లాక్కుని, దవడ పక్కలకు ఆడిస్తూ చివరిదాకా నమిలితే సరే. నోట్లో పెట్టుకుని వదిలేస్తున్నా, గడ్డం కింద చొంగతో తడిసినా, ఒక కన్ను నీరు కారుతున్నా పళ్ల బాధ ఇంకా ఉన్నట్టే. దవడలో పైపళ్ల వేళ్లు కన్నీటి గొట్టం పక్కనే ఉంటాయి, అందుకే పంటి జబ్బు ఒక్కోసారి ముందుగా కంట్లో బయటపడుతుంది.

అక్కడున్నప్పుడే మరికొన్ని చూడండి. ముందు కాళ్ల లోపలివైపు వెంట్రుకలు అట్టకట్టి ఉన్నాయా? కుందేలుకు జలుబు చేస్తే ముక్కు తుడుచుకునేది ఆ కాళ్లతోనే. మీరు వచ్చేముందు ముక్కు శుభ్రం చేసి ఉండొచ్చుగానీ కాళ్లు దాచలేరు. వెనక పాదాల మడమల దగ్గర బొచ్చు ఊడి ఎర్రటి పుండు ఉందేమో చూడండి. కుక్కకున్నట్టు కుందేలు పాదానికి మెత్తలు ఉండవు, బొచ్చే దానికి చెప్పు. చెవుల్లో గోధుమరంగు పక్కు, వీపుమీద చుండ్రులాంటి పొట్టు ఉంటే అవి పురుగులు, మందుకు లొంగుతాయి. తల ఒకవైపుకి వంగి ఉంటే మాత్రం కారణం చెప్పకుండా ఇస్తే తీసుకోకండి. ట్రేలో పెంటికలు గుండ్రంగా, దాదాపు ఒకే సైజులో, శనగగింజంత ఉండి, చిదిపితే లోపల గడ్డి పీచు కనిపించాలి. మూత్రం పసుపు నుంచి ఇటుకరంగు దాకా ఏ రంగైనా ఉండొచ్చు, ఆకుల్లోని రంగువల్ల. అది చూసి కంగారు పడక్కర్లేదు.

వాళ్ల ప్రశ్నల గురించి మీకు కోపం వచ్చినట్టుంది. అడగని షెల్టరే అనుమానించదగ్గది. రుసుము కట్టించుకుని పది నిమిషాల్లో అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేచోట కుందేలు ఆడో మగో కూడా సరిగ్గా చూసి ఉండరు. కొత్తగా వచ్చినవాటిని రెండు వారాలు విడిగా ఉంచుతారా అని మీరూ తిరిగి అడగండి. ఒప్పందంలో ‘పెంచుకోలేకపోతే మాకే తిరిగి ఇవ్వాలి’ అనే షరతు ఉందో లేదో చూడండి. అది మీకు రక్షణ.

వాళ్లడిగినవాటిలో పశువైద్యుడి సంగతే అసలైనది. కుందేలుకంటే ముందు డాక్టరు దొరకాలి. కుక్కల్ని, పిల్లుల్ని బాగా చూసే డాక్టరుకు కుందేలు వైద్యం తెలిసి ఉండాలని లేదు. ఫోన్ చేసి ఒక్క ప్రశ్న వేస్తే సగం తేలిపోతుంది: ‘ఆపరేషన్‌కి ముందు కుందేలును పస్తు ఉంచాలా?’ రాత్రి నుంచి ఏమీ పెట్టకండి అంటే ఇంకొకర్ని చూసుకోండి. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి కడుపు ఖాళీగా ఉంచే అవసరం లేదు. పైగా పేగు కదలిక ఆగిపోవడమే దాని ప్రాణానికి ముప్పు. నోటిద్వారా అమాక్సిసిలిన్ రాస్తారా అన్నది రెండో ప్రశ్న. మనుషులకు రోజూ రాసే ఆ మందు కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి ప్రాణం తీయగలదు. కుక్కల పేలకు మెడమీద వేసే ఫిప్రోనిల్ చుక్కలూ అంతే, కుందేలుకు విషం. రాత్రివేళ ఎవరు చూస్తారో కూడా అప్పుడే కనుక్కోండి.

వరండా ఆలోచన మానుకోండి. బోను ఎంత పెద్దదైనా బోనే. జతకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలని కుందేళ్ల సంక్షేమం చూసేవాళ్లు చెబుతారు. అంటే మూడు గెంతులు వేసి, వెనక కాళ్లమీద నిటారుగా నిలబడేంత. గదిలో ఒక మూలను మడిచే ఇనుప కంచెతో కట్టేస్తే చాలు, కొనే బోనుకన్నా అది చవక. తీగ అడుగున్న బోను మడమలు పుళ్లు పడటానికి ఒక ముఖ్య కారణం. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారతాయి, చాప గానీ పలచటి రగ్గు గానీ పరవండి. వరండాకు ఎండ, పిల్లులు, దోమలు, ఈగలు అన్నీ వస్తాయి. కుందేలుకు చెమట పట్టదు, ఎక్కువగా చెవుల ద్వారానే వేడి వదులుతుంది. 25 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 30 దాటితే వడదెబ్బ ముప్పు. కదలకుండా సాగిలపడి, వేగంగా రొప్పుతుంటే చెవులను చల్లటి (ఐసు కాదు) నీళ్లతో తడుపుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. నీళ్లలో ముంచకూడదు.

గదిలో మీరు తలవంచి నేలమట్టం నుంచి ఒకసారి చూడండి. ఫోన్ ఛార్జర్లు, టీవీ వైర్లు, సోఫా వెనక సందు. కుందేలు కంటికి వైరు గడ్డిపోచతో సమానం. గట్టి ప్లాస్టిక్ గొట్టాల్లో దూర్చండి లేదా అందనంత ఎత్తుకు కట్టండి. ట్రే పిల్లులకు వాడే పెద్ద సైజుది తీసుకోండి, రెండూ ఒకేసారి కూర్చునేలా. అడుగున కాగితంతో చేసిన గుళికలు, ఒక పక్క దండిగా గడ్డి. తింటూ విసర్జించడం వాటి అలవాటు, గడ్డి ట్రే పక్కనుంటే అలవాటు సగం అయినట్టే. తడికి ముద్దకట్టే పిల్లుల లిట్టర్ వద్దు, మింగితే పేగులో గట్టిపడుతుంది. పైన్, దేవదారు పొట్టు కూడా వద్దు.

తిండి సంగతికొస్తే, రోజుకు తినేదాంట్లో అయిదింట నాలుగు వంతులకు పైగా ఎండుగడ్డే ఉండాలి. తిమోతీ లాంటి గడ్డి ఎంతైనా పెట్టొచ్చు. ఆల్ఫాల్ఫా గడ్డి ఎదిగే పిల్లలకే. పెద్దవాటికి వద్దు, అందులో కాల్షియం ఎక్కువ. పెల్లెట్లు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించొద్దు. ఆడకుందేలు పళ్లు దృష్టిలో పెట్టుకుంటే ఇంకా తగ్గించమని డాక్టరే అనొచ్చు. కొత్తిమీర, పుదీనా, క్యారెట్ ఆకులు ఒక గుప్పెడు. క్యారెట్ దుంప మిఠాయి కింద లెక్క, వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలు. నీళ్లు సీసాలో కాకుండా బరువైన గిన్నెలో పెట్టండి, ఎక్కువ తాగుతాయి.

తెచ్చుకునే రోజున రెండింటినీ ఒకే పెట్టెలో తీసుకురండి. ప్రయాణపు భయం జతను దగ్గర చేస్తుంది. వాటి పాత పడకగుడ్డ ఉతకకుండా తెచ్చుకోండి, ట్రేలోని కాస్త పాత లిట్టర్ కూడా. షెల్టర్‌లో తిన్న పెల్లెట్లు ఓ పది రోజులకు సరిపడా అడిగి తీసుకుని, వేరేదానికి మార్చాలంటే ఆ పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి. తొలి రెండు మూడు రోజులు మూలన నక్కి కూర్చుంటాయి. పర్వాలేదు, పలకరించకుండా వదిలేయండి. గమనించాల్సింది ఒక్కటే: తింటున్నాయా, పెంటికలు పడుతున్నాయా. 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా పొద్దున చూద్దాంలే అనుకోకూడదు. రాత్రయినా సరే డాక్టరుకు ఫోన్ చేయాలి. పేగు ఆగిపోయిన కుందేలు ఒక్క రోజులో పోగలదు. ఎక్కడో నొప్పి ఉండటం, గడ్డి తగ్గడం, భయం, వీటిలో ఏదైనా దానికి దారితీస్తుంది. పొట్ట బిగుసుకుపోయి గట్టిగా తగిలితే నోట్లో బలవంతంగా ఏమీ పోయకండి. రెండింటిలో ఏది తినలేదో తెలియాలంటే పెల్లెట్లు ఒకే గిన్నెలో కాకుండా రెండు గిన్నెల్లో వేసి పక్కన నిలబడండి.

మీ అమ్మాయి గురించి ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. కుందేళ్లు ఆమెవి కావచ్చు, బాధ్యత మీది. 8 ఏళ్ల పిల్ల ఎత్తుకోకూడదు. నేలమీద బతికే జంతువుకు గాల్లోకి లేవడమంటే గద్ద తన్నుకుపోవడమే. వెనక కాళ్లతో ఒక్క తన్ను తన్నిందంటే దాని వెన్నెముకే విరగొచ్చు. ఒంటి బరువుతో పోలిస్తే కుందేలు ఎముకలు చాలా తేలిక, కాళ్ల కండరాలు చాలా బలం. చెవులు పట్టుకుని ఎత్తడం, వెల్లకిలా పడుకోబెట్టి ‘నిద్రపోయింది’ అని మురవడం, రెండూ వద్దు. అలా కదలకుండా ఉండిపోవడం భయంతో బిగుసుకుపోవడం. నేలమీద కూర్చుని పుస్తకం చదువుకోమనండి, దగ్గరికి వచ్చేది అవే వస్తాయి. వారానికోసారి తూకం వేసి నోట్‌బుక్‌లో రాసే పని ఆమెకివ్వండి. కూరగాయలు తూచే మిషన్ మీద డబ్బా పెట్టి, అందులోకి కొత్తిమీరతో పిలిస్తే చాలు, ఎత్తాల్సిన పని లేదు. ఆడకుందేలు బరువు పదింట ఒక వంతు తగ్గిందంటే పళ్లు మళ్లీ చూపించాల్సిన సమయం వచ్చినట్టే. చొంగ కనిపించే లోపే ఆ పుస్తకం చెప్పేస్తుంది.

ఇంటికొచ్చిన మొదటి వారం పది రోజుల్లో డాక్టరుకు చూపించండి. ఒకదానికే పని ఉన్నా రెండింటినీ తీసుకెళ్లండి. ఆసుపత్రి వాసనతో ఒంటరిగా తిరిగొచ్చిన జతగాణ్ని రెండోది గుర్తుపట్టక తరిమిన సందర్భాలుంటాయి. టీకాల సంగతి అప్పుడే అడగాలి. కుందేళ్ల రక్తస్రావ వ్యాధి మొదట 1984లో చైనాలో బయటపడింది. దాని రెండో రకం 2010లో ఫ్రాన్స్‌లో కనిపించింది. రెండూ ముందు ఏ లక్షణమూ చూపకుండానే చంపగలవు. పాత రకపు టీకా రెండోదానికి సరిగ్గా పనిచేయదు. షెల్టర్ ఇచ్చిన కార్డులో ఏ రకానికి వేశారో డాక్టరుకు చూపించండి.

పళ్ల కాగితాలు చూశాక ముందు పళ్ల సమస్య అని తేలి, నెలనెలా డాక్టరు దగ్గరికి తిరగడం మీవల్ల కాదనిపిస్తే ఆ మాట షెల్టర్‌తో ముందే చెప్పండి. మరో పెద్ద జతను చూపించమనండి, తప్పేమీ లేదు. దవడ పళ్లకు ఒక్కసారే చేయించారని తేలితే, రెండు వారాలు మా ఇంట్లో ఉంచుకుని చూస్తాం, ఆ తర్వాతే సంతకం పెడతాం అని అడగండి. చాలా షెల్టర్లు దానికి ఒప్పుకుంటాయి.